కాళ్ల వాపు, మూత్రంలో నురగ, రక్తంలో హెపటైటిస్ బి: స్టెరాయిడ్ కన్నా ముందు చేయవలసిన పనులు

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి తన తమ్ముని గురించి రాసిన వివరాలు క్లుప్తంగా ఇవి. తమ్మునికి 34 ఏళ్లు. బట్టల అంగడిలో పని. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. రెండు నెలలుగా పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రం అంగడి నుంచి ఇంటికి చేరేసరికి వేలితో నొక్కితే గుంట పడేంతగా కాళ్ల వాపు, మూత్రంలో చాలాసేపు పోని నురగ కనిపిస్తున్నాయి. 24 గంటల మూత్రంలో 5.8 గ్రాముల ప్రోటీన్ పోతోంది. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ 2.1, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0, కొలెస్టరాల్ 340, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 46 ఉన్నాయి. హెపటైటిస్ బి ఉందని చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష పాజిటివ్ వచ్చింది, హెపటైటిస్ సి నెగటివ్ వచ్చింది. స్కానింగ్‌లో కాలేయం, మూత్రపిండాలు రెండూ మామూలుగానే ఉన్నాయన్నారు. దగ్గరలోని వైద్యులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. ఎన్నడూ కామెర్లు రాని, మందు అలవాటు లేని మనిషికి కాలేయపు వైరస్ ఎలా వచ్చింది, దానికీ మూత్రపిండాలకూ సంబంధం ఏమిటి, ఆ మాత్రలు వాడవచ్చా, డయాలసిస్ దాకా పోతుందా, ఇంట్లో వాళ్లకు అంటుతుందా అన్నవి ప్రశ్నలు. చివర, కాస్త సంకోచంతో, భార్య తరఫు వాళ్లు అతని నడవడిని అనుమానిస్తున్నారని కూడా రాశారు.

కర్నూలులోనూ, తరువాత అనంతపురంలోనూ మూత్రపిండ వ్యాధుల రోగులను ముప్పై ఏళ్లకు పైగా చూసినవాడిగా, ముందు చెప్పవలసిన మాట ముందే చెబుతాను. ఆ ప్రెడ్నిసొలోన్ మాత్రలను ఇప్పుడే మొదలుపెట్టించకండి. రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచి, మూత్రపిండం ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించి, కాలేయ వైద్యులు, మూత్రపిండ వైద్యులు ఇద్దరూ ఆ ఫలితాలు చూసిన తరువాతే మందు నిర్ణయం కావాలి. క్రియాటినిన్ 1.0 ఉంది, అంటే మూత్రపిండాలు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి ఈ పనులకు ఒకటి రెండు వారాలు పట్టినా నష్టం లేదు. తప్పు మందుతో మొదలుపెట్టడంలోనే నష్టం ఉంది. మీ తమ్ముణ్ణి నేను స్వయంగా చూడలేదు గనుక మాత్రల పేర్లు, మోతాదులు అతన్ని చూసే వైద్యుల చేతిలోనే ఉండాలి. నేను చెప్పేదల్లా వారిని ఏమి అడగాలి, ఏమి జాగ్రత్త పడాలి అన్నదే.

హెపటైటిస్ బి వైరస్ ఇల్లు కట్టుకునేది కాలేయ కణాల్లో. కానీ అది తయారుచేసే ప్రోటీన్ ముక్కలు అక్కడితో ఆగవు, లెక్కకు మించి రక్తంలోకి వచ్చి పడుతుంటాయి. హెచ్‌బీఎస్‌ఏజీ అలాంటిదే, వైరస్ పైపొరకు చెందినది. హెచ్‌బీఈఏజీ అనే మరొకటి పరిమాణంలో చాలా చిన్నది. శరీరం వీటిని పరాయివిగా గుర్తించి యాంటీబాడీలను తయారుచేస్తుంది. యాంటీబాడీ, వైరస్ ముక్క కలిసి జంటకట్టినప్పుడు ఆ జంటలను ఊడ్చిపారేయవలసిన వ్యవస్థ ఏళ్ల తరబడి పని చేసి చేసి వెనుకబడుతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మ జల్లెడలు, అంటే గ్లోమెరులస్‌లు ఉంటాయి. చిన్నదైన హెచ్‌బీఈఏజీ ఆ జల్లెడ పొరను దాటి దాని అవతలి అంచున కూర్చుంటుంది, యాంటీబాడీ అక్కడికే వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. అలా పేరుకున్న చోట పొర మందమై, దాని నేత చెడి, రక్తంలో ఉండవలసిన అల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. దీన్ని మెంబ్రేనస్ నెఫ్రోపతీ అంటారు. హెపటైటిస్ బి వల్ల వచ్చే మూత్రపిండ వ్యాధుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వైరస్‌కు, ఈ వ్యాధికి ముడి ఉందని వైద్యులు మొదటిసారి ప్రకటించింది 1971లో. వైరస్ గుర్తును అమెరికా శాస్త్రవేత్త బ్లూంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనుగొన్న సంగతి 1965లో వెలుగులోకి వచ్చింది కాబట్టి, మధ్యలో గడిచింది ఆరేళ్లే.

దీన్నిబట్టి మీ అసలు సందేహానికి జవాబు దొరుకుతుంది. కాలేయం పాడై, ఆ చెడు మూత్రపిండాలకు పాకడం వేరే సంగతి. అది సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడే జబ్బు, ముదిరిన వారిలో వస్తుంది, అప్పుడు మూత్రంలో ఇంత ప్రోటీన్ పోదు. మీ తమ్ముని విషయంలో కాలేయం దాదాపు నెమ్మదిగానే ఉంది, వైరస్ చేసిన ముక్కలు మాత్రం మూత్రపిండంలో చిక్కుకుని ఉండవచ్చు. అందుకే ఎస్‌జీపీటీ కొద్దిగానే పెరిగింది, కామెర్లు రాలేదు. నేను చూసిన ఇలాంటి రోగుల్లో ఎక్కువమందికి తమ ఒంట్లో ఈ వైరస్ ఉన్నట్టు కాళ్లు వాచిన తరువాతే తెలిసింది. మన వైపు కామెర్లు అనగానే అందరికీ గుర్తొచ్చేవి కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు. అవి కొన్ని వారాలు బాధించి సాధారణంగా పూర్తిగా తగ్గిపోతాయి, ఇలా ఏళ్ల తరబడి రక్తంలో దాగి ఉండేవి బి, సి రకాలు.

అయితే పాజిటివ్ కాగితం ఒకటి చేతిలో ఉన్నంత మాత్రాన నేరమంతా వైరస్‌దేనని తేల్చడం కూడా తొందరపాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బితో జీవిస్తున్నారు. అంతమందిలో కొందరికి దానితో నిమిత్తం లేని మూత్రపిండ వ్యాధి రావడం సహజమే. మెంబ్రేనస్ నెఫ్రోపతీ వైరస్ లేకుండా తనంతట తానుగా కూడా వస్తుంది. అలాంటి వారిలో చాలామందికి రక్తంలో పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ కనిపిస్తుంది. చికిత్స దారి రెండింటికీ వేరు.

మూడో కారణం ఒకటుంది, మన ప్రాంతంలో దాన్ని అడగకుండా వదలకూడదు. మీ తమ్ముడు సత్తువ కోసమో, మొలలకో, చర్మానికో పొట్లాల్లో ఇచ్చే భస్మాలు, పొడులు ఏమైనా వాడాడా? పాదరసం కలిసిన నాటు మందులు వాడిన వారిలో సరిగ్గా ఇదే మెంబ్రేనస్ నెఫ్రోపతీ వస్తున్నట్టు దక్షిణ భారతంలోని వైద్యులు ఈ మధ్య సంవత్సరాల్లో స్పష్టంగా గుర్తించారు. వాటిలో నెల్1 అనే ప్రోటీన్ గుర్తు కనిపిస్తుంది. ఆ మందు మానేస్తే చాలామందికి వాపు దానంతట అదే దిగుతుంది. రోగులు ఈ సంగతి దాస్తారు, లేదా అది మందే కాదనుకుని చెప్పరు. ‘ఇంగ్లీషు మాత్రలు ఏమీ మింగలేదు సార్’ అన్న జవాబు విని సంతృప్తి పడిన రోజుల్లో నేనూ చాలా చోట్ల మోసపోయాను. ఇప్పుడైతే ‘ఎవరైనా పొట్లం కట్టి ఇచ్చారా’ అని విడిగా అడుగుతాను.

ఈ మూడింటిలో ఏదో తేల్చేది ముక్క పరీక్షే. దీని పేరు వినగానే మన వాళ్లు బెదిరిపోతారు. ముక్క తీస్తే ఉన్న కిడ్నీ కూడా పోతుందని ఊళ్లో ఎవరో ఒకరు తప్పక చెబుతారు. నిజానికి జరిగేది ఇది: రోగిని బోర్లా పడుకోబెట్టి, స్కానింగ్‌లో చూస్తూ, చర్మానికి మత్తు ఇచ్చి, సన్నని సూదితో పెన్సిల్ ములుకు మందాన ఒకటి రెండు పోగుల్లాంటి ముక్కలు తీస్తారు. పది లక్షల జల్లెడల్లో వాటితో పోయేవి ఇరవయ్యో ముప్పయ్యో. ఒక రోజు మంచం మీద కదలకుండా ఉండాలి. మూత్రంలో కాస్త రక్తం కనపడవచ్చు, అది సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పెద్ద రక్తస్రావం అరుదు. బీపీ అదుపులో ఉంచడం, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పడం, రక్తం గడ్డకట్టే తీరును పరీక్షించుకోవడం ముఖ్యం. ముక్కను మామూలు సూక్ష్మదర్శిని కింద చూస్తే చాలదు. పేరుకున్న యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష తప్పనిసరి, వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కూడా. ఆ సదుపాయం లేనిచోట ముక్క తీయించుకుని సగం రిపోర్టుతో తిరగడం కన్నా, తిరుపతి స్విమ్స్ లాంటి పూర్తి స్థాయి నెఫ్రాలజీ విభాగం ఉన్న చోటికి ఒకసారి వెళ్లిరావడం మేలు. ప్రొద్దుటూరు నుంచి అది ఒక పూట ప్రయాణం.

దానితో పాటు రక్తంలో చేయించవలసినవి: హెచ్‌బీవీ డీఎన్ఏ అంటే వైరస్ పరిమాణం, హెచ్‌బీఈఏజీ, పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ, సీ3 సీ4 కాంప్లిమెంట్లు అనే రోగనిరోధక ప్రోటీన్లు, షుగర్, హెచ్ఐవీ. చివరిది చూసి కంగారు పడకండి. హెపటైటిస్ బికి వాడే మాత్రలు హెచ్ఐవీ మీద కూడా పనిచేస్తాయి. అది ఉన్నట్టు తెలియకుండా ఒక్క మాత్రే ఇస్తే ఆ వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది కాబట్టి, మొదలుపెట్టే ముందు ఎవరికైనా ఈ పరీక్ష చేయడం పద్ధతి.

ఇప్పుడు స్టెరాయిడ్ సంగతి. ఇది రాయడానికి నాకొక పాత అప్పు ఉంది. వృత్తిలో తొలి సంవత్సరాల్లో, గుంతకల్లు వైపు నుంచి ఒక వేరుశనగ రైతు ఇదే తీరున ఒళ్లంతా నీరు పట్టి వచ్చాడు. హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ప్రతి రోగికీ చేసే అలవాటు అప్పట్లో నాకు లేదు. ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టాను. మూడు వారాల్లో వాపు దిగింది, మనిషి తేలికపడ్డాడు, కుటుంబమంతా నాకు దండాలు పెట్టి వెళ్లింది. మాత్రలు తగ్గిస్తూ వచ్చిన వారాల్లో కళ్లు పచ్చబడ్డాయి, వాంతులు పట్టుకున్నాయి. ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది. అప్పుడు చేయిస్తే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. అప్పటికి ఈ వైరస్‌ను అణచే లామివుడిన్ మాత్ర కూడా మన చేతికి రాలేదు. రెండు నెలలు ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఊగి ఎలాగో బయటపడ్డాడు. అది అతని అదృష్టం, నా వైద్యం కాదు.

జరిగింది ఏమిటంటే, స్టెరాయిడ్ రెండు వైపులా వైరస్‌కు సాయం చేస్తుంది. రోగనిరోధక శక్తిని అణచడం ఒకటి, వైరస్ తనను తాను నకలు చేసుకోవడాన్ని నేరుగా పురికొల్పడం రెండోది. వైరస్ కోట్లకు కోట్లు పెరిగి కాలేయ కణాల నిండా కూర్చున్న వేళ మనం మాత్ర తగ్గిస్తాం. అణిగి ఉన్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా లేచి ఆ కణాలన్నిటి మీద పడుతుంది. కామెర్లు మాత్ర పెంచినప్పుడు రాక, తగ్గించేటప్పుడు రావడానికి కారణం ఇదే. రోగనిరోధక శక్తిని అణచే రిటుక్సిమాబ్ అనే ఇంజక్షన్ విషయంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో దాని పెట్టె మీద ఈ హెచ్చరికను మరింత గట్టిగా ముద్రింపజేసింది. మూత్రపిండ వైద్యానికి ప్రపంచమంతా చూసే కేడీఐజీఓ 2021 మార్గదర్శకాలు కూడా హెపటైటిస్ బితో వచ్చిన గ్లోమెరులస్ వ్యాధికి ముందుగా వైరస్ మందులే ఇవ్వాలని, వైరస్ అణిగేదాకా రిటుక్సిమాబ్, అలాంటిదే అయిన సైక్లోఫాస్ఫమైడ్ మందు జోలికి పోకూడదని చెబుతున్నాయి. ఏదైనా కారణంతో స్టెరాయిడ్ తప్పదని నిపుణులు తేల్చినా, అది వైరస్ మందు నీడలోనే నడవాలి. మీకు మాత్రలు రాసిచ్చిన వైద్యుల మీద కోపం పెట్టుకోకండి. హెచ్‌బీఎస్‌ఏజీ రిపోర్టు తరువాత వచ్చి ఉండవచ్చు. దాన్ని వారికి చూపించి మాట్లాడితే చాలు.

వైరస్ మందుల్లో నేడు వాడుకలో ఉన్నవి ముఖ్యంగా రెండు: ఎంటెకావిర్, టెనొఫోవిర్. టెనొఫోవిర్‌లో మళ్లీ రెండు రూపాలున్నాయి. పాతదైన డిసోప్రాక్సిల్ రూపం కాలేయానికి మంచి మందే గానీ, కొందరిలో మూత్రపిండపు నాళికలను దెబ్బతీస్తుంది. ఫాస్ఫరస్ పడిపోవడం, రక్తంలో షుగర్ మామూలుగా ఉన్నా మూత్రంలో కనపడటం, ఎముకల నొప్పులు, మెల్లగా క్రియాటినిన్ పెరగడం దాని గుర్తులు. కొత్తదైన అలాఫెనమైడ్ రూపంలో ఈ ముప్పు బాగా తక్కువ. ఎంటెకావిర్‌ను ఖాళీ కడుపుతో వేసుకోవాలి, మూత్రపిండాల పని తగ్గితే దాని మోతాదు కూడా తగ్గించాలి. ఇప్పటికే ప్రోటీన్ పోతున్న వ్యక్తికి ఎంటెకావిర్ గానీ అలాఫెనమైడ్ గానీ నా మొగ్గు. ఎవరైనా పాత టెనొఫోవిర్ ఇస్తే కారణం అడగండి, కనీసం మూడు నెలలకోసారి క్రియాటినిన్, ఫాస్ఫరస్ చూపించండి. ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడవలసినది. వాపు దిగింది కదా అని ఒకనాడు ఆపేస్తే, పైన చెప్పిన రైతుకు వచ్చిన కామెర్లే స్టెరాయిడ్ లేకుండానే రావచ్చు. జాతర్లకు, పెళ్లిళ్లకు ఊళ్లు తిరిగేటప్పుడు మాత్రలు మరచిపోయే అలవాటు మనలో ఉంది గనుక దీన్ని నొక్కి చెబుతున్నాను.

ఫలితం వారాల్లో ఆశించకండి. వైరస్ లెక్క కొన్ని నెలల్లోనే బాగా పడిపోతుంది, కానీ జల్లెడ పొరలో ఏళ్లుగా పేరుకున్నది కరగడానికి ఆరు నెలలు, ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. హెచ్‌బీఈఏజీ పోయి దానికి వ్యతిరేక యాంటీబాడీ కనపడిన రోగుల్లో మూత్రంలో ప్రోటీన్ కూడా తగ్గడం మామూలుగా చూస్తాం. పిల్లల్లో ఈ వ్యాధి చాలావరకు దానంతట అదే నయమవుతుంది. పెద్దవారిలో అలా వదిలేస్తే గణనీయమైన భాగం ఏళ్ల మీద మూత్రపిండ వైఫల్యం వైపు జారుతుంది. డయాలసిస్ దాకా పోతుందా అన్న ప్రశ్నకు నా జవాబు: క్రియాటినిన్ 1.0 దగ్గర ఉండగానే వైరస్ మందు మొదలుపెట్టి, బీపీని అదుపులో ఉంచుకున్న వారిలో ఎక్కువమంది ఆ వైపు పోకుండా ఆగారు.

వైరస్ మందు పని చేసేలోపు వాపును, దానితో వచ్చే చిక్కులను చూసుకోవాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలు బీపీ పెద్దగా లేకపోయినా ప్రోటీన్ కారడాన్ని తగ్గిస్తాయి. మొదలుపెట్టిన రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. నీరు లాగే మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు వైద్యులు ఇస్తారు. వీటన్నిటికన్నా కష్టమైనది ఉప్పు. రోజుకు ఐదు గ్రాములు, అంటే ఇంటి మొత్తం వంటలో అతని వాటాకు ఒక చిన్న చెంచా. మన తిండిలో ఉప్పు అంతా పచ్చళ్లలో, కారం పొళ్లలో, బజ్జీల్లో, వడియాల్లో దాక్కుని ఉంటుంది. రాగి సంగటి వల్ల నష్టం లేదు, పక్కన పెట్టుకునే ఊరగాయతోనే చిక్కు. ఉగ్గాని తినవచ్చు, దానితో మిరపకాయ బజ్జీ మానాలి. మరో తప్పు కూడా చూస్తుంటాను: మూత్రంలో ప్రోటీన్ పోతోందని డబ్బాల్లో అమ్మే పొడులు తాగిస్తారు. అలా పోసినది అలాగే కారిపోతుంది, పైగా జల్లెడ మీద భారం పెరుగుతుంది. కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము వరకు, పప్పు, పెరుగు, గుడ్డులోని తెల్లసొన రూపంలో మామూలుగా తినడమే సరి. ‘లివర్ జబ్బు’ అన్నారని నూనె, ఉప్పు, పప్పు అన్నీ మాన్పించి పత్యం పెట్టి మనిషిని ఎండగట్టడం అంతకన్నా పెద్ద తప్పు.

ఒళ్లు నొప్పులకు అంగడిలో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ముట్టుకోకూడదు. చేతి మీద వాత పెట్టించడం, కామెర్ల పసరు తాగించడం వద్దు. నేల ఉసిరి గురించి తప్పక ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి దాని కథ కూడా చెబుతాను. 1988లో చెన్నై పరిశోధకులు దానితో హెపటైటిస్ బి పోతుందని ఆశ పుట్టించే ఫలితాన్ని ప్రచురించారు, తరువాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పరువైన చోట పుట్టిన ఆశే, మందుగా మాత్రం తేలలేదు.

ఒక ప్రమాదాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి. అల్బుమిన్ 2.5 కన్నా తగ్గిన మెంబ్రేనస్ రోగుల్లో రక్తం సిరల్లో గడ్డకట్టే గుణం పెరుగుతుంది. రెండు కాళ్లూ సమానంగా వాచడం ఈ జబ్బు తీరు. ఒక కాలే హఠాత్తుగా ఎక్కువ వాచి నొప్పి పుడితే, నడుము పక్కన తీవ్రమైన నొప్పితో మూత్రం ఎర్రబడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, అది రాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీ తమ్ముని అల్బుమిన్ 2.1 కాబట్టి రక్తం పలచబడే మందు అవసరమా అని వైద్యులను మీరే అడగండి. మా ఎండాకాలంలో వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. అప్పుడు నీరు లాగే మాత్రలు, టెల్మిసార్టాన్ కొనసాగించాలా వద్దా అని వెంటనే కనుక్కోవాలి.

హెపటైటిస్ సి నెగటివ్ వచ్చింది గనుక దాని గురించి ఎక్కువ రాయను. అయితే ఇదే వాపుతో ఇది చదివే మరొకరికి అది ఉండవచ్చు. సి వైరస్ దెబ్బ తీసే దారి వేరు. అది బి లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలను రెచ్చగొట్టి, చలికి గడ్డకట్టే ప్రోటీన్లను తయారుచేయిస్తుంది. వాటి పేరు క్రయోగ్లోబులిన్లు. కాళ్ల మీద ఎర్రని దద్దుర్లు, కీళ్ల నొప్పులు, నీరసం, మూత్రంలో రక్తం, సీ4 బాగా పడిపోవడం దాని జాడలు. ఈ పరీక్షకు రక్తాన్ని ఒంటి వేడి దగ్గరే ఉంచి ల్యాబుకు చేర్చాలి. దారిలో చల్లబడితే వెతుకుతున్నదే గొట్టం అడుగున పేరుకుని రిపోర్టులో లేదని వస్తుంది. చికిత్స విషయంలో మాత్రం సి రోగులు అదృష్టవంతులు. సోఫోస్బువిర్ జంటగా వచ్చే మాత్రలు 12 వారాలు వాడితే నూటికి తొంభై ఐదు మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2013లో అమెరికాలో కళ్లు తిరిగే ధరతో వచ్చిన ఆ మందును ఒకటి రెండేళ్లలోనే హైదరాబాదు కంపెనీలు సామాన్యుడికి అందే ధరలో తయారుచేశాయి. డయాలసిస్ మీద ఉన్నవారికి కూడా ఇప్పుడు ఇవ్వవచ్చు.

ఖర్చు గురించి మీరు అడగలేదు, కానీ అంగడి జీతంతో బతికే ఇంట్లో అది ఉండే ప్రశ్నే. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. దాని కింద బి, సి వైరస్‌లకు పరీక్షలు, మందులు ఉచితం. కడప రిమ్స్‌లో గానీ కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గానీ మెడిసిన్ విభాగంలో ఈ కార్యక్రమం గురించి అడగండి. నమోదు చేసుకునేటప్పుడే కిడ్నీ సమస్య ఉందని, 24 గంటల మూత్రం రిపోర్టుతో సహా చెప్పండి. మందు ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంది. వైరస్ అణిగిన తరువాత కూడా ఆరు నెలలకోసారి కాలేయం స్కానింగ్ అవసరమా అని వారినే అడిగి తెలుసుకోండి.

చివరిగా అంటుకోవడం, అనుమానం. హెపటైటిస్ బి రక్తం ద్వారా, లైంగికంగా, తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ఒక కంచంలో తినడం, కౌగిలించుకోవడం, ఒకే మరుగుదొడ్డి వాడటం వల్ల సోకదు. బ్లేడు, టూత్ బ్రష్, గోళ్లు తీసే కత్తెర మాత్రం వేరుగా ఉంచాలి. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ వారం రోజుల వరకు బతికి ఉండగలదు. పెద్ద వయసులో ఈ వైరస్ సోకిన నూటికి తొంభై ఐదు మంది దాన్ని తమంతట తామే వదిలించుకుంటారు. పుట్టిన వేళ సోకితే తొంభై మందిలో అది శాశ్వతంగా నిలిచిపోతుంది. ఏళ్ల తరబడి ఉంటే తప్ప రాని మూత్రపిండ వ్యాధితో 34 ఏళ్లకు బయటపడిన మీ తమ్మునికి ఇది పసితనంలోనే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ఒకే సూదితో పదిమందికి ఇంజక్షన్ వేసిన రోజులు, తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకున్న రోజులు కూడా అతని బాల్యంలో ఉన్నాయి. దీన్ని నడవడి రుజువుగా చూపడం వైద్యశాస్త్రం ఒప్పుకోని మాట. భార్య తరఫు పెద్దలకు మీరు ఈ లెక్కే చెప్పవచ్చు.

భార్యకు, పిల్లలిద్దరికీ హెచ్‌బీఎస్‌ఏజీ, వైరస్ నుంచి రక్షణ ఉందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్షలు చేయించండి. హెపటైటిస్ బి టీకా 2011 నుంచి దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో ఉంది, పుట్టిన 24 గంటల్లోపు ఒక డోసు, తరువాత 6, 10, 14 వారాలకు. పిల్లల టీకా కార్డు తీసి చూడండి. భార్యకు రక్షణ లేకపోతే మూడు డోసుల టీకా: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకా తెచ్చినప్పటి నుంచి ఇది మధ్యతరగతికి భారమైన టీకా కాదు.

ఇక్కడ ఒక మాట మీరు ఊహించి ఉండరు, అమ్మా. తమ్మునికి ఇది తల్లి నుంచి వచ్చి ఉంటే, అదే కడుపున పుట్టిన మీకూ వచ్చి ఉండవచ్చు. మీ అమ్మగారికి, మీకు, మిగిలిన తోబుట్టువులు ఉంటే వారికీ ఇదే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించండి. కడపకో కర్నూలుకో తమ్మునితో వెళ్లే రోజే, అదే కిటికీ దగ్గర చీటీ రాయించుకుంటే సరిపోతుంది. నెగటివ్ వస్తే టీకా వేయించుకోండి. పాజిటివ్ వస్తే, ఎస్‌జీపీటీ, వైరస్ లెక్కతో పాటు మూత్రంలో ప్రోటీన్ కూడా ఒకసారి చూపించుకోండి.